మిలాన్ పోయొచ్చినాం, మీ లాంపుల సంగతి ఇదీ

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మా తోలుబొమ్మల లాంపుల షాపు షట్టరు దించి ఉండేది చూసినోళ్లు, వాట్సాప్ స్టేటస్‌లో మా ఫొటోలు చూసినోళ్లు ఒకటే అడుగుతున్నారు. "ఏమప్పా, ఇటలీ పోయొచ్చినావంట, ఇంక మాకు రేట్లు పెంచుతావా?" అని కొందరు. "సోకులు సరే, మా గృహప్రవేశం లాంపులేమైనాయి?" అని ఇంకొందరు. రెండో రకం వాళ్లకే ముందు జవాబు చెప్పాల. కానీ అక్కడ ఏం జరిగిందో చెప్పకుండా అది చెప్తే సాకులు చెప్పినట్టుంటుంది.

మేం పోయింది మిలాన్‌లో జరిగే సలోనే దెల్ మొబిలేకి. 1961లో మొదలైన ఫర్నిచర్ ప్రదర్శన. ఊరి బయట రో అనే చోట పెద్ద పెద్ద హాళ్లు, 2,000కు పైగా కంపెనీలు, 3 లక్షలకు పైగా జనం. బేసి సంవత్సరాల్లో దాంతోపాటే యూరోలూచే అని ఒక్క దీపాల కోసమే ఇంకో ప్రదర్శన పెడతారు. ఈసారి 2025 ఏప్రిల్ 8 నుంచి 13 దాకా జరిగింది. తోలుబొమ్మల లాంపులు అమ్ముకునే మాలాంటోళ్లు ఇది వదులుకుంటే మళ్లీ 2027 దాకా ఆగాల.

ఆ హాళ్లలో మాకు స్టాలేమీ లేదు, టికెట్ కొనుక్కొని తిరిగినాం అంతే. ఆ వారం ఊరంతా కూడా ప్రదర్శనే. ఇండ్లు, పాత ఫ్యాక్టరీలు, షాపులు, ఎక్కడ చూసినా ఏదో ఒకటి పెడతారు. మా దగ్గర సరుకు తీసుకునే బెంగళూరు డిజైన్ స్టూడియో వాళ్లు తొర్తోనా అనే పేటలో ఒక గది అద్దెకు తీసుకొని, వాళ్ల కుర్చీల మధ్యలో మన లాంపులు వేలాడదీసినారు. మీరు ఫొటోల్లో చూసింది ఆ గదే.

ఖర్చు దాచేదేముంది. విమానం వరకు మనకు సులువు. హైవే ఎక్కితే బెంగళూరు ఊళ్లోకి పోకుండానే దేవనహళ్లి విమానాశ్రయం దగ్గర దిగొచ్చు. దెబ్బంతా గదుల దగ్గరే. నవంబరు 23న సాయిబాబా పుట్టినరోజుకి పుట్టపర్తిలో రూము దొరకడం ఎట్లుంటుందో, ఆ వారం మిలాన్‌లో అట్లుంటుంది. పైగా యూరోకు 90 రూపాయలకు పైనే. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి పోయినాం, ఇంకా విడిపించలేదు. మీ అడ్వాన్సుల్లోంచి మాత్రం ఒక్క రూపాయి కదిలించలేదు. అవి తోళ్లకు, రంగులకు, ఈ లాంపులు చేసే నిమ్మలకుంట ఊరి వాళ్ల మజూరీకే పోయినాయి.

సాయంత్రం పార్టీల గురించి పెద్దగా చెప్పను. నల్ల బట్టలేసుకున్న మనుషులు, చేతుల్లో గ్లాసులు, గుమ్మం దగ్గర లిస్టులో పేరుంటేనే లోపలికి. ఒక స్టాల్లో లాంపు ధర అడిగితే ఆ పిల్ల నా బూట్లు చూసి నవ్వి, కార్డు చేతిలో పెట్టి పంపింది.

మాతో నిమ్మలకుంట పెద్దాయన ఒకరు వచ్చినారు. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిందని మనకందరికీ తెలుసు. అక్కడ ఆ పేరు గానీ, ఆ ఊరి పేరు గానీ ఎవరూ వినలేదు. హనుమంతుడి లాంపు చూసినోళ్లంతా ముందు అడిగేది ఒకటే, "ఇది లేజర్‌తో కోసిందా?" అని. రెండు మూడుసార్లు విన్నాక పెద్దాయన సంచిలోంచి ఉలి, సుత్తి, ఒక తోలు ముక్క తీసి కిందనే కూర్చున్నాడు. ఉలి నిలబెట్టి ఒక దెబ్బ, చుక్క. ఇంకో ఉలి, నెలవంక. నెలవంకలు చుట్టూ తిప్పితే పువ్వు. ఆ ముక్కను దీపానికి అడ్డంగా పట్టి చూపించినాడు. గది నిండిపోయింది. ఒక ముసలావిడ తోలు మధ్యలో పైనుంచి కిందికి కొంచెం ముదురుగా కనపడే గీతను వేలితో తడిమి, ఇదేమని అడిగింది. మేక వెన్నుపూస పోయిన జాడ అది. మన దగ్గర కొందరు "ఇక్కడ మరకుంది, వేరేది ఇవ్వండి" అంటారే, అదే. ఆమెకు ఆ లాంపే కావాలంట.

అమ్మలేకపోయినాం. ఆ సరుకు ఏటీఏ కార్నె మీద వచ్చింది. మన దేశంలో ఫిక్కీ అనే వ్యాపార సంఘం వాళ్లు ఇచ్చే కాగితం అది. చూపించడానికి తెచ్చిన సరుకుకు అక్కడ సుంకం కట్టక్కర్లేదు, కానీ తెచ్చిందంతా మళ్లీ వెనక్కి పోవాల. "అన్ని లాంపులు పెట్టి ఒక్కటన్నా అమ్మలేదా?" అని నవ్వినోళ్లకు ఇదే జవాబు.

వ్యాపారం మాట్లాడడానికి వచ్చినోళ్లు బొమ్మ వైపు ఎక్కువ చూడలేదు. హోల్డరు చూసినారు, వైరు చూసినారు. మన బల్బు రెండు పిన్నులతో ఇరికించేది, వాళ్లది ఇ27 అని తిప్పి బిగించే రకం. యూరప్‌లో అమ్మే కరెంటు సామాన్లకు ఉండాల్సిన సీఈ గుర్తు ఉందా, తోలు ఎంత వేడికి ఆగుతుంది అని అడిగినారు. ఒక హోటళ్ల ఆయన 200 లాంపులు కావాలన్నాడు. అన్నీ ఒకే రంగు, ఒకే సైజు, పక్కపక్కన పెడితే తేడా కనపడకూడదంట. పెద్దాయనకు తెలుగులో చెప్తే, "ఒక మేక తోలు మాదిరి ఇంకో మేక తోలుంటుందా? అడుగు ఆయన్ని" అన్నాడు. నేను కొంచెం మెత్తగా చేసి చెప్పినాను. గీత ఒకటే, రంగులు ఒకటే, సైజులో వేలెడు అటూ ఇటూ అవుతుంది అని మెయిల్ కూడా పెట్టినాను. ఇంతవరకు జవాబు లేదు. రాకపోయినా నాకు బాధ లేదు. వాళ్లకు కావాల్సినట్టు చేయాలంటే ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు కొట్టించాల. ఆ సరుకు బజార్లో ఇప్పటికే ఉంది, సగం ధరకే. మేం ఆ పక్కకు పోం.

ఖాయమైంది ఒకటే. బెంగళూరు స్టూడియో వాళ్లకు ఇంకమీదట వైరు, హోల్డరు లేకుండా తోలు, చట్రం మాత్రమే ఇస్తాం. కరెంటు పని వాళ్లు చూసుకుంటారు. అది చిన్న ఆర్డరే, మీ పని ఆపి చేసేది కాదు.

ఇంక మీ లెక్క. రేట్లు దీపావళి దాకా పెంచం. అనంతపురంలో అమ్మేవి పిన్ను హోల్డరుతోనే వస్తాయి. బల్బు మాత్రం ఎల్‌ఈడీనే వాడండి, 9 వాట్లు దాటొద్దు. పాత 60 వాట్ల బల్బు పెట్టి, తోలు ముడుచుకుపోయిందని తెస్తే బాగుచేసే దారి లేదు.

ఆలస్యానికి కారణం, మిలాన్ సరుకు చేసినోళ్లే మీ లాంపులు కూడా చేయాల. వాళ్లు కాకుండా కొత్తవాళ్లతో చేయిస్తే ఉలి పనిలో తేడా మీకే కనపడుతుంది. ఉగాదికి ముందు ఆర్డరిచ్చినోళ్ల లాంపులు రంగులైపోయి చట్రాలకు కుడుతున్నారు, ఈ నెలాఖరుకు షాపుకొస్తాయి. ఆ తర్వాత ఇచ్చినోళ్లకు శ్రావణం లోపల. మబ్బు పట్టి తోలు ఆరకపోతే నేనే ఫోన్ చేసి చెప్తా. అంతవరకు ఆగలేం అనుకునేవాళ్లు రసీదు తెచ్చుకోండి, అడ్వాన్సు మొత్తం తిరిగిస్తా. ఆదివారం షాపు మధ్యాహ్నం వరకే.