నాన్నగారి పత్రిక

మెల్‌బోర్న్

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. చలి మొదలవుతోంది. ఆఫీసు మామూలే. బాబుకి దగ్గు తగ్గిందని అమ్మకి చెప్పండి, లేకపోతే మళ్ళీ మిరియాల కషాయం గురించి అరగంట ఫోను.

మీరు వేస్తున్న కాలనీ వార్తాలేఖ చూసి "బాగుంది" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నానని మీరు చిన్నబుచ్చుకున్నారట. ఫోన్లో చెప్పబోతే "సరేలేమ్మా" అని అమ్మకి ఇచ్చేస్తారు. అందుకే రాస్తున్నాను.

మొదటి పేజీ నిండా అసోసియేషన్ పెద్దల ఫొటోలు, రుషికొండ బీచ్ బొమ్మ మీద పసుపు అక్షరాలు. మంచినీళ్ళు రాని రోజుల కబురేమో మూడో పేజీలో అడుగున! 1974లో ఈనాడు మన విశాఖలో మొదలైనప్పటి నుంచీ పొద్దున్నే పేపరు పట్టుకునే మనిషి మీరు. మడత విప్పకుండానే కనిపించే చోట ఏం వెయ్యాలో మీకు నేను చెప్పాలా?

2014లో హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మర్నాడు కరెంటు లేదు, ఫోన్లు లేవు. మీరు చార్టు ముక్క మీద నల్ల స్కెచ్ పెన్నుతో ట్యాంకరు ఎప్పుడొస్తుందో, ఏ వీధి చివర ఆగుతుందో రాసి గేటుకి కట్టారు. బొమ్మ లేదు, రంగు లేదు. వీధంతా నిలబడి చదివింది. నాకు తెలిసి మీరు వేసిన మొదటి సంచిక అదే, అంతకంటే మంచిది ఇంకా రాలేదు.

కంప్యూటర్లో పేజీలు కూర్చే డీటీపీ అబ్బాయికి కొన్ని చెప్పండి. కాగితం మిగులుతుందని లైన్లు దగ్గరికి నొక్కేస్తున్నాడు. పై లైను ఒత్తులు కింది లైను గుడుల్లో ఇరుక్కుంటున్నాయి. అక్షరం 12 పాయింట్లు పెడితే ఒక లైను నుంచి కింది లైనుకి 18 దాకా ఉండనివ్వమనండి. పేరా మొత్తం బోల్డ్ చెయ్యొద్దు, ఘ, ఝ లోపలి ఖాళీలు పూడిపోతాయి. రెండు అంచులూ సమానంగా సర్దాలన్న పట్టుదల కూడా వద్దు. మన మాటలు పొడుగు, సన్నటి కాలమ్‌లో వాటిని సర్దబోతే మధ్యలో కంతలు పడతాయి. ఎడమవైపు సరిగ్గా ఉంటే చాలు.

ఐదు పేజీలెందుకు? ఏ3 కాగితం మడిస్తే నాలుగు పేజీలు, ఐదోది విడిగా జారి ఎవరి మెట్ల మీదో పడి ఉంటుంది. అభినందన సందేశాలు తీసేస్తే నాలుగులో సుఖంగా సరిపోతుంది. ఎవరో నొచ్చుకుంటారంటారు. నొచ్చుకోనివ్వండి.

డాబాగార్డెన్స్ ప్రెస్సులో కొట్టించేది పాత పద్ధతి అనూ ఫాంట్లలో కదా, ఆ మేటర్ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి అక్షరాలే వస్తాయి. ఫోన్లలోనూ చదవడానికి వచ్చే యూనికోడ్‌లో 'మండలి' లాంటి ఫాంటుతో కొట్టమంటే ఆ బాధ లేదు. ఫొటోలు కూడా వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపమనండి.

నేనేదో తెలివి చూపించడానికి రాయడం లేదు. చివరి పేజీలో రైతుబజారు అనాసపళ్ళావిడ మీద మీరు రాసిన ముక్క ఉంది చూడండి, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో, శీర్షిక కూడా లేకుండా! బస్సులో చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయాను. అంతసేపు బేరమాడి, ఆఖరికి ఆవిడ అడిగిన ధరే ఇచ్చి వచ్చారు. అచ్చం మీరే. దాన్ని రెండో పేజీలోకి తెచ్చి, మీ పేరు వేసుకోండి. మొహమాటం ఎందుకు?

కంటి ఆపరేషన్ అయ్యాక కూడా రాత్రి పదకొండు దాకా ప్రూఫులు దిద్దుతున్నారట. అమ్మ నాకు చెప్పిందని ఆవిడ మీద విసుక్కోకండి. కింది వాటాలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడున్నాడుగా, వాడికి అప్పజెప్పండి. నేనక్కడ ఉంటే నేనే దిద్దేదాన్ని, ఆ సంగతి మీకూ తెలుసు. ఉండలేదని మళ్ళీ మొదలుపెట్టకండి నాన్నా. డిసెంబరు టికెట్లు చూస్తున్నాం.

సింహాచలం చందనోత్సవానికి అమ్మని ఎండలో క్యూలో నిలబెట్టకండి.

వచ్చే సంచిక ప్రెస్సుకి ఇచ్చే ముందు నాకు పీడీఎఫ్ పంపండి. ఇక్కడ మీకంటే నాలుగున్నర గంటలు ముందుంటాం కాబట్టి సాయంత్రం ఆరులోపు పంపితే ఆ రాత్రే చూసేస్తాను.

ఇట్లు
మీ బుజ్జి