ఇకపై ఆరింటికి కాదు, ఎనిమిదింటికి

ఒడిశాలోని బరంపురం నుంచి నేను నడిపే ఈ రోజువారీ రాజకీయ పాడ్‌కాస్ట్‌ను నెలనెలా చందా కట్టి వింటున్న మీకు మూడు మార్పులు చెప్పాలి. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఎపిసోడ్ ఉదయం ఆరింటికి కాక ఎనిమిదింటికి వస్తుంది. ఆదివారం ఉండదు. చందా 60 రూపాయల నుంచి 80 అవుతుంది.

టైము సంగతి ముందు. వాషింగ్టన్‌లో సాయంత్రం నాలుగింటికి ఏదైనా ప్రకటిస్తే, వేసవిలో మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. ఆరింటికి మీ చెవిన పడాలంటే మూడింటికల్లా నేను మైకు ముందు కూర్చోవాలి. అప్పటికి చేతిలో ఉండేది హెడ్‌లైన్ ఒక్కటే. అది మీ ఫోన్‌కి ఊరికే వస్తుంది, దానికి నాకు డబ్బు కట్టడం ఎందుకు?

2025 ఆగస్టు గుర్తు తెచ్చుకోండి. రష్యా చమురు కొంటున్నామని అమెరికా మన సరుకుల మీద మరో 25 శాతం సుంకం వేసి, మొత్తం 50 చేసింది. 27 నుంచి అమలు అని అందరూ చెప్పారు. రొయ్యల వ్యాపారంలో ఉన్న మన శ్రోతల టెన్షన్ వేరు: ఇప్పటికే ఓడెక్కిన సరుకు మాటేమిటి? జవాబు వాళ్ల నోటీసులోనే ఉంది. ఆ రోజు మన టైము ప్రకారం ఉదయం 9:31 లోపు ఓడెక్కి, సెప్టెంబరు 17 లోపు అక్కడ కస్టమ్స్ దాటిన సరుకుకు ఈ కొత్త 25 శాతం పడదు. అది చదివి చెప్పడానికి ఎపిసోడ్ ఆలస్యం చేశాం. ఆరింటికి రాలేదేమని విసుక్కున్నవాళ్లే మధ్యాహ్నానికి దాన్ని పదిమందికి పంపారు.

దీనివల్ల నష్టం లేదనను. దుబాయ్‌లో ఉన్న మన గంజాం జిల్లా కుర్రాళ్లకి ఎనిమిదంటే అక్కడ ఆరున్నర, డ్యూటీ బస్సులో వినొచ్చు. ఇచ్ఛాపురం నుంచి ఏడింటికే బయలుదేరేవాళ్లకి మాత్రం దారిలో నిన్నటిదే దిక్కు.

ఆదివారం నా గొంతుకు సెలవు. అంతే.

ఇక డబ్బు. మీ చందాలు, ఊళ్లో రెండు మూడు దుకాణాల ప్రకటనలు తప్ప మాకు వేరే రాబడి లేదు. ఎన్నికల ముందు ఒక పార్టీ తరఫు మనిషి వచ్చి, ఇంటర్వ్యూ చేస్తే ఖర్చులన్నీ చూసుకుంటామన్నాడు. వద్దన్నాను. ఇందులో నా గొప్పేమీ లేదు. బరంపురంలో తెలుగువాళ్లం ఒకరికొకరం తెలిసినవాళ్లమే. ఎవరు ఎవరి దగ్గర పుచ్చుకున్నారో సాయంత్రానికల్లా టీ కొట్లో తేలిపోతుంది.

ఒడిశా, ఆంధ్ర రెండూ తమవేనంటున్న కొటియా గ్రామాల మీద చేసిన ఎపిసోడ్ తర్వాత కొందరు చందా మానేశారు, అదీ చెప్పేస్తాను. కొరాపుట్ జిల్లాలో ఆ 21 గ్రామాల మీద ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకెళ్లింది. 2006లో కోర్టు సాంకేతిక కారణాలతో ఆ దావా కొట్టేసింది. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టేసరికి గొడవ మళ్లీ కోర్టు మెట్లెక్కింది. ఇంతే చెప్పాం. పర్లాకిమిడి నుంచి ఒకరు నన్ను ఆంధ్రా ఏజెంటన్నారు, సాలూరు నుంచి ఇంకొకరు ఒడిశా మనిషన్నారు. ఇద్దరూ వెళ్లిపోయారు. అలాంటి ఎపిసోడ్లు ఇకమీదట కూడా చేస్తాం.

ఎందుకంటే 2024 జూన్ 4న హైదరాబాద్ చానళ్లు పొద్దస్తమానం ఆంధ్ర ఫలితాలే చూపించాయి. అదే రోజు ఇక్కడ ఒడిశా అసెంబ్లీ 147 సీట్లలో బీజేపీకి 78 వచ్చి, నవీన్ పట్నాయక్ 24 ఏళ్ల పాలన ముగిసింది. ఆయన హింజిలి సీటు మన జిల్లాలోదే. ఆ వార్తని తెలుగులో వివరంగా వినాలనుకున్నవాళ్లే మీలో చాలామంది.

ఏడాది చందా కట్టినవాళ్లకి గడువు తీరేదాకా పాత ధరే. ఈ మార్పులు నచ్చకపోతే నెలాఖరులోపు మెసేజ్ పెట్టండి, మిగిలిన నెలల డబ్బు తిరిగి పంపిస్తాం, కారణం అడగం.