పాసుపుస్తకం అట్ట మార్చారు, సంతోషం. లోపలి తప్పు ఎప్పుడు మారుస్తారు?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

నేనిచ్చిన అర్జీలన్నీ ‘పరిష్కరించబడినవి’ అని ఫోనుకు మెసేజీలు వచ్చాయి. ఏం పరిష్కరించారో మీరైనా చెప్పండి. నా పొలం మటుకు ఇంకా జాయింట్ ఎల్‌పీఎంలోనే, అంటే భూముల రీసర్వేలో పలువురి పొలాలు కలిపి ఇచ్చిన ఒకే నంబరులోనే ఉంది.

రీసర్వే సంగతి మీకు నేను చెప్పేదేముంది. పాత సర్వే నంబరులో మా నలుగురికీ ఎవరి సబ్ డివిజన్ వారికుండేది. మా గట్టు మీద వరసగా తాడిచెట్లున్నాయి. డ్రోను తీసిన ఫొటోలో వాటి నీడలు కూడా పడ్డాయి, సర్వేయరే కంప్యూటర్లో చూపించాడు. పటంలో మాత్రం గట్టు గీత లేదు, నలుగురినీ ఒకే నంబరులో కట్టేశారు. ‘కొలిచిన రోజు మీరు పొలంలో లేరు కదండీ’ అన్నాడు. లేము, నిజమే. నోటీసు ఎవరి చేతికిచ్చారో కూడా ఆయనే చెబితే బాగుండేది. పైగా నా ఎకరం 62 సెంట్లు ఎకరం 55 సెంట్లయింది, ఆ ఊసు తర్వాత మాట్లాడుకుందాం.

పంట రుణం తిరగరాయించుకుందామని బ్యాంకుకు వెళ్తే నలుగురూ వచ్చి సంతకాలు పెట్టమన్నారు. ఒకాయన హైదరాబాదులో కొడుకు దగ్గరుంటున్నాడు. ఇంకొకాయన కాలం చేశాడు, ఆయన పిల్లలకు ఒకరితో ఒకరికి మాటల్లేవు. వాళ్ళకు రాజీ చేసి బ్యాంకు మెట్లెక్కించడం నా వల్ల అయ్యే పనేనా సార్? ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి సార్వా నారుమళ్ళు పోశాం. మా బాబాయి కొడుకు అరెకరం అమ్ముకోబోతే రిజిస్ట్రేషన్ కాలేదు. నేనే అడ్డం పడ్డానని ఊరంతా చెబుతున్నాడు. తాతలు పంచుకున్న నాటి నుంచి మా రెండిళ్ళకూ గట్టు తగాదా లేదు. ఇప్పుడుంది.

విడదీయాలంటే సబ్ డివిజన్‌కు ఫీజు కట్టి అర్జీ పెట్టుకోమంటున్నారు. కలిపింది మేమా? దానికీ నలుగురి సంతకాలూ కావాలట!

2020 డిసెంబరులో ఈ సర్వే మొదలుపెట్టిన జగన్ గారు హద్దురాళ్ళ మీద తన పేరు చెక్కించుకున్నారు. మీరొచ్చాక ఆ పేరు చెరిపించారు. 2024లో ల్యాండ్ టైట్లింగ్ చట్టం రద్దు చేశారు, మేమూ చప్పట్లు కొట్టాం. పాసుపుస్తకం మీద ఆయన బొమ్మ తీసేసి రాజముద్ర వేశారు. అట్ట చాలా బాగుంది సార్. తెరిస్తే అదే జాయింట్ నంబరు.

ముందు నోటీసిచ్చి, సర్వేయరును మా పొలం గట్టు మీదికి పంపండి. మా దగ్గర పైసా తీసుకోకుండా విడదీయండి. అది ఇప్పట్లో కాదంటే, పాత సబ్ డివిజన్ మీద అప్పివ్వమని బ్యాంకులకైనా ఓ ముక్క రాయండి. తగ్గిన ఏడు సెంట్లూ ఎటు పోయాయో చెప్పండి. రెవెన్యూ సదస్సుకు మళ్ళీ షామియానాలూ మైకులూ వద్దు, పాత ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) పట్టుకుని ఒక్క మనిషి వస్తే చాలు. ఈసారి పొలంలోనే ఉంటాం. ఈ లేఖకు కూడా ‘పరిష్కరించబడినది’ అని మెసేజీ మాత్రం పెట్టించకండి, మీకు దండం పెడతాను.

ఇట్లు
జాయింట్ నంబరులో నలుగురిలో ఒకడు,
కృష్ణా జిల్లా