నానమ్మ గురించి నువ్వడిగింది

చిన్నీ,

నిన్న ఫోన్లో "మందులు టైంకే వేస్తున్నాం కదా డాడీ, మరి నానమ్మకి ఈ అల్జీమర్స్ మతిమరుపు ఎందుకు ఇంకా ఎక్కువవుతోంది, నేను పుణె వచ్చేసినందుకేనా" అని అడిగావు, అప్పుడు తను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది, అందుకే మాట మార్చేశా. ఇప్పుడు పడుకుంది.

నీవల్ల కాదు బిడ్డా. ఇన్నేళ్లు ఇంటర్ పిల్లలకి బయాలజీ చెప్పినా ఈ సంగతి నేనూ ఈ మధ్యే చదివా. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అని విన్నావుగా, ఆంబ్రోస్, రువ్కున్ అనే సైంటిస్టులు 1993లో ఒక చిన్న పురుగులో బయటపెట్టింది, 2024లో నోబెల్ వచ్చింది. 22 ఆర్‌ఎన్‌ఏ అక్షరాలకి అటూఇటూ ఉండే ముక్క, కణం లోపల ఏ ప్రొటీన్ ఎంత తయారవ్వాలో అదుపు చేస్తుంది. అందులో లెట్-7 అనే రకం మెదడులో చాలా ఎక్కువ, లోపల ఉన్నంతసేపూ దాని పని అది చేసుకుంటుంది.

న్యూరాన్, అంటే మెదడులోని నాడీకణం, చచ్చిపోతే మాత్రం అది బయటికొచ్చి పడుతుంది. పక్క కణాల్లో టీఎల్‌ఆర్7 అని ఒక కాపలా ప్రొటీన్ ఉంటుంది, వైరస్ ఆర్‌ఎన్‌ఏ వస్తే గుర్తుపట్టడానికి. లెట్-7లో జీ, యూ అక్షరాలు ఎక్కువున్న ఒక భాగం హెచ్‌ఐవీ ఆర్‌ఎన్‌ఏలోని ముక్కని పోలి ఉంటుంది, దాంతో ఇంటి మనిషినే దొంగనుకుని కేకలు పెట్టినట్టు అవుతుంది, మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా వాపు పెంచే రసాయనాలు వదుల్తాయి. ఇంకో ఘోరం ఏంటంటే న్యూరాన్లలో కూడా ఆ టీఎల్‌ఆర్7 ఉంది, మైక్రోగ్లియా లేకపోయినా లెట్-7 తగిలితే అవి నేరుగా చచ్చిపోతాయి. అవి చచ్చి ఇంకొంచెం లెట్-7 వదుల్తాయి, అది ఇంకో పక్కదానికి. బయట ఏ మార్పూ లేకపోయినా రోజురోజుకీ ఎందుకు ఎక్కువవుతుందో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది, చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

2012లో బెర్లిన్ సైంటిస్టులు రాశారు. ఎలుకల మెదడు, వెన్ను చుట్టూ ఉండే నీళ్లలోకి లెట్-7 ఎక్కిస్తే న్యూరాన్లు పాడయ్యాయి, టీఎల్‌ఆర్7 లేని ఎలుకల్లో అలా కాలేదు, ఆ ప్రొటీన్ తిరిగి పెడితే మళ్ళీ పాడయ్యాయి. అల్జీమర్స్ ఉన్నవాళ్ల వెన్ను నీళ్లలో లెట్-7బి ఎక్కువుందని కూడా చూశారు. ఆ టీఎల్‌ఆర్7 చెవి మూస్తే న్యూరాన్ల చావు ఆగిందంటే ఎక్కడ పట్టుకోవాలో తెలిసినట్టే కదా, నాకు అదే పెద్ద ధైర్యం. అలాగని ఇదొక్కటే కారణం అనుకోకు, మెదడులో పేరుకునే అమిలాయిడ్, టావ్ అనే ప్రొటీన్లు, ఇంకా చాలా ఉన్నాయి, ఎలుకల్లో చూసింది మన నానమ్మకి మాత్రగా రేపే రాదు.

బోనాలకి వస్తావుగా, పొద్దున దిగే ట్రైన్ చూసుకో, సాయంత్రమైతే తనకి చిరాకు ఎక్కువవుతోంది. రాగానే ఎదురుగా కూర్చుని "నేను చిన్నీని నానమ్మా" అని నీ పేరు నువ్వే చెప్పు, గుర్తున్నానా అని మాత్రం అడగకు.

డాడీ