నో డ్యూస్ కాగితంలో రాయని బాకీ

సంపాదకుడు గారికి,

సంస్థల మేధో మూలధనం, అంటే వాటికి ఆస్తిలా పనికొచ్చే జ్ఞానం, అనుభవం గురించి మీ వాణిజ్య పేజీలో వ్యాసం వచ్చి చాలా రోజులైంది. తెలిసినవాళ్లెవరైనా స్పందిస్తారేమోనని చూశాను. ఎవరూ రాయకపోయేసరికి నేనే రాస్తున్నాను. పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు, సాఫ్ట్‌వేర్ ఉంటే చాలని, మిగతా అనుభవమంతా ఒక పోర్టల్‌లో ఎక్కించేస్తే భద్రంగా ఉంటుందని ఆ వ్యాసం నమ్మించింది. ఈ నమ్మకం ఎంత నష్టం చేస్తుందో ప్లాంటులో పనిచేసిన వాడిగా నాకు తెలుసు.

ఈ మూలధనాన్ని మామూలుగా మూడు భాగాలుగా చూస్తారు. మనుషుల నైపుణ్యం ఒకటి. మనుషులు మారినా సంస్థలో మిగిలే పద్ధతులు, రికార్డులు రెండోది. కస్టమర్లతో, సరఫరాదారులతో ఉన్న సంబంధాలు మూడోది. పేటెంట్లు రెండో భాగంలో ఒక మూలకు సరిపోతాయి. మీ వ్యాసం ఆ మూల దాటి బయటికి రాలేదు.

నేను పనిచేసిన చోట ఒక సీనియర్ ఫిట్టర్ ఉండేవారు. పంపు బేరింగ్ హౌసింగ్ మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవారు. ఫలానా పంపు స్టార్ట్ చేసిన కొత్తలో గరగరమంటుంది, వేడెక్కాక సర్దుకుంటుంది, ఆపక్కర్లేదు అనేవారు. ఇంకో పంపు చప్పుడు చాలా తక్కువే, అయినా వెంటనే ఆపించేవారు. మాన్యువల్‌లో రెండింటికీ ఒకే పరిమితి ఉంది. ఆయన రిటైర్ అయిన రోజు, సంస్థకు బాకీలేవీ లేవని ఇచ్చే నో డ్యూస్ కాగితం మీద అందరూ సంతకాలు పెట్టారు: టూల్ బాక్స్ వచ్చింది, ఐడీ కార్డు వచ్చింది, లాకర్ తాళంచెవి వచ్చింది. ఆయనకు తెలిసింది ఎవరికి అప్పగించారు అని ఆ కాగితంలో గడే లేదు. తర్వాత బేరింగ్ పట్టేసి లైన్ ఆగిపోయాక ఆయనకే ఫోన్ చేసి, బతిమాలి పిలిపించారు. రిటైర్మెంట్ తేదీ ఉద్యోగంలో చేరిన రోజే తెలుసు కదా! కొన్ని నెలల ముందు ఒక కుర్రాణ్ణి ఆయన పక్కన నిలబెట్టడానికి ఏం అడ్డొచ్చింది? ఒకే పనికి రెండు జీతాలెందుకని అడిగారు, అంతే.

ఇది చిన్న సంస్థల జబ్బు అనుకోకండి. అమెరికాలో డబ్ల్యూ76 అణు వార్‌హెడ్ల ఆయుష్షు పెంచే పనిలో ‘ఫాగ్‌బ్యాంక్’ అనే పదార్థాన్ని మళ్లీ తయారు చేయాల్సి వచ్చింది. 1980ల్లో తయారు చేసినప్పుడు రికార్డులు పెద్దగా ఉంచలేదని, పని తెలిసినవాళ్లు దాదాపు అందరూ రిటైరో, రాజీనామానో అయి వెళ్లిపోయారని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2009లో రాసింది. పాత పద్ధతిలోనే చేసినా పదార్థం సరిగా రాలేదు. చివరికి తేలిందేమిటంటే, పూర్వం ముడిసరుకులో ఉండిపోయిన ఒక మలినమే అందులో కీలకం. కొత్త ప్లాంటులో శుద్ధి బాగా జరిగి అది పోయింది. ఆ మలినం అవసరమని పాతవాళ్లకే తెలియదు! తెలియనిదాన్ని పోర్టల్‌లో ఎవరు ఎక్కిస్తారు? పాత చేతులు, కొత్త చేతులు కొంతకాలం కలిసి పనిచేస్తేనే ఇలాంటివి బయటపడే అవకాశమైనా ఉంటుంది.

లెక్కల పుస్తకాలూ ఈ నిర్లక్ష్యానికి తోడయ్యాయి. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 38 ప్రకారం శిక్షణకు పెట్టిన డబ్బు అప్పటికప్పుడే ఖర్చు కింద పోతుంది. సొంతంగా పెంచుకున్న బ్రాండ్‌ను, కస్టమర్ల జాబితాను, చివరికి మీలాంటి పత్రిక పేరును కూడా ఆస్తిగా చూపకూడదు. డబ్బిచ్చి కొన్నవాళ్లు మాత్రం చూపుకోవచ్చు. అందుకే లాభం తగ్గిన ఏడాది మొట్టమొదట కోత పడేది శిక్షణకే. స్వీడన్‌లోని స్కాండియా బీమా సంస్థ 1991లోనే లీఫ్ ఎడ్విన్సన్‌ను మేధో మూలధనం డైరెక్టర్‌గా పెట్టుకుంది. 1994 వార్షిక నివేదికతో పాటు దీని మీద విడిగా అనుబంధం వేసింది. ఇన్నేళ్లయినా చాలా నివేదికల్లో ‘ఉద్యోగులే మా సంపద’ అన్న ఒక్క వాక్యం, నవ్వుతున్న ఫొటోలు తప్ప ఏమీ ఉండవు.

నాణ్యత నిర్వహణకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9001లో 2015 నుంచి 7.1.6 అనే క్లాజు ఉంది. పనికి కావలసిన జ్ఞానం ఏమిటో గుర్తించాలి, నిలుపుకోవాలి, అవసరమైనవాళ్లకు అందించాలి అని అది స్పష్టంగా చెబుతుంది. దీనికి ఆడిట్ ముందు రోజు హడావిడిగా నాలుగు ఫైళ్లు తయారుచేయడం, ఆడిటర్ వాటిని తిరగేసి టిక్కు పెట్టుకుని వెళ్లడం నేను చూశాను. ఒక్కసారైనా షాప్‌ఫ్లోర్‌కి వచ్చి, ఈ మెషిన్ సంగతి మీ తర్వాత ఎవరికి తెలుసు అని అడగరు. ప్రభుత్వ కార్యాలయాల సంగతి మరీ అన్యాయం. అధికారి పని నేర్చుకునేలోపే బదిలీ అవుతారు. ఫైలు చరిత్ర తెలిసిన గుమస్తా రిటైర్ అయితే ఆ పోస్టు ఖాళీగానే ఉంటుంది. కొత్తగా వచ్చినవారు పాత తప్పులే మొదటి నుంచి చేస్తారు, తిరిగేది ప్రజలు.

కంపెనీల ఫలితాలు వచ్చినప్పుడు మీ విలేకరులు లాభం ఎంత, డివిడెండ్ ఎంత అని అడుగుతున్నారు. వచ్చే మూడేళ్లలో ఎంతమంది అనుభవజ్ఞులు రిటైర్ అవుతున్నారు, వాళ్ల పక్కన ఎవరిని పెట్టారు, శిక్షణ బడ్జెట్ పెరిగిందా తగ్గిందా అని కూడా అడగండి. వచ్చిన జవాబులు అదే పేజీలో వేయండి. జవాబు చెప్పని కంపెనీల పేర్లు కూడా వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెయింటెనెన్స్ ఇంజినీర్