ఎల్డర్ స్క్రోల్స్ ఏ వరసలో ఆడాలి: మీ లిస్టు మీద నా అభ్యంతరం

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఎల్డర్ స్క్రోల్స్ అనే వీడియో గేముల మీద ఒక పేజీ వేశారు, ముందు దానికి థ్యాంక్స్. తెలుగు పేపర్లో గేమ్ అనే మాట కనిపించిందంటే ఎవరో పిల్లాడు తండ్రి అకౌంట్లో డబ్బులు ఊడ్చేశాడన్న వార్తే ఉంటుంది, అలాంటిది ఒక ఫాంటసీ సిరీస్ గురించి కూర్చుని ఓపిగ్గా రాశారు, బాగుంది. కానీ ఆ పేజీ అడుగున బాక్సు కట్టి "కొత్తవాళ్ళు ఈ వరసలో ఆడండి" అని ఇచ్చారు చూశారా, అది చూశాక ఊరుకోలేక రాస్తున్నా. కథలో సంవత్సరాల లెక్క పట్టుకుని ముందు ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్, తర్వాత అరీనా, డాగర్‌ఫాల్, మారోవిండ్, అబ్లివియన్, ఆఖర్న స్కైరిమ్ అని పెట్టారు. ఆ లెక్కన చూసినా 1998లో వచ్చిన రెడ్‌గార్డ్ అనే గేమ్ ఆన్‌లైన్‌కీ అరీనాకీ మధ్యలో రావాలి, అది మీ బాక్సులో లేదు. సరే దాన్ని ఎలాగూ ఎవరూ ఆడరు వదిలేద్దాం, అసలు గొడవ ఏంటంటే మీ వరస పట్టుకుని మొదలెట్టినవాడు మారోవిండ్ దాకా చేరడు, మధ్యలోనే దణ్ణం పెట్టేసి వేరే గేమ్‌కి పోతాడు.

ఎందుకంటే ఆన్‌లైన్ అనేది 2014లో వచ్చిన మల్టీప్లేయర్ గేమ్, వేల మంది ఒకేసారి తిరుగుతుంటారు, ఏటా ఏదో ఒకటి కలుపుతూనే ఉన్నారు, దానికి అంతు లేదు. అంతు లేనిదాన్ని మొదట పెడితే రెండోది ఎప్పుడు మొదలెడతారండీ? పైగా దాని కథ స్కైరిమ్‌కి దాదాపు వెయ్యేళ్ళ ముందు జరుగుతుంది గానీ, రాసినవాళ్ళు మాత్రం మిగతా గేములన్నీ మనం ఆడేసి ఉంటాం అన్న ధీమాతో రాశారు. 2017లో దానికి మారోవిండ్ పేరుతోనే ఒక భాగం వేశారు, అది పాత మారోవిండ్ ఆడినవాళ్ళకి పండగ, కొత్తవాడికి అదొక బూడిద దీవి అంతే.

తర్వాత అరీనా. డాస్ అనే పాత కంప్యూటర్ సిస్టమ్ మీద నడిచే 1994 నాటి గేమ్. మొదట్లో గ్లాడియేటర్ల జట్టుని ఊరూరా తిప్పి కుస్తీ పోటీల్లాంటివి ఆడించే గేమ్‌గా అనుకున్నారట, చేస్తూ చేస్తూ అది కాస్తా పెద్ద కథ గేమ్ అయిపోయింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. దాని డిజైనర్ల పేర్లలో విజయ్ లక్ష్మణ్ అని కనిపిస్తే నాకు భలే సరదా వేసింది, మేరీలాండ్‌లో కూర్చుని ఈ సిరీస్‌కి పునాది వేసినవాళ్ళలో ఒకరి పేరు అది. కానీ చరిత్ర వేరు, ఆడుకోవడం వేరు. కత్తి తిప్పాలంటే మౌస్ కుడి బటన్ నొక్కిపట్టి అటూ ఇటూ లాగాలి, మొదటి చెరసాల నేలమాళిగలోనే ఎలుకలూ గాబ్లిన్లూ కలిసి పీకేస్తాయి. డాగర్‌ఫాల్ 1996ది, మ్యాప్ గ్రేట్ బ్రిటన్ దేశమంత ఉంటుందని చెప్పుకున్నారు, నిజంగానే పెద్దది, అందులో చాలా భాగం కంప్యూటరే అల్లేసిన ఊళ్ళు, ఒక ఊరికీ ఇంకో ఊరికీ తేడా తెలీదు. నాకు ఇష్టమే ఆ గేమ్. ఫ్యాన్స్ దాన్ని యూనిటీ ఇంజిన్లో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) తిరిగి కట్టారు, డాగర్‌ఫాల్ యూనిటీ అని, ఫ్రీగా దొరుకుతుంది, ఇప్పటి లాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది. అసలు గేములు రెండూ కూడా స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో ఫ్రీయే. అందుకే అంటున్నా, అవి ఎక్కడికీ పోవు, మిగతావి అయ్యాక సరదా పుడితే చూసుకోవచ్చు. కథ మిస్సవుతామన్న భయం కూడా అక్కర్లేదు, డాగర్‌ఫాల్‌కి ఒకటి కాదు చాలా ముగింపులు ఉన్నాయి, తర్వాత గేములు చేసేటప్పుడు ఏది నిజం అన్న ప్రశ్న వచ్చి, అన్నీ ఒకేసారి నిజమయ్యాయి, కాలమే విరిగిపోయింది అని కథలోనే చెప్పేసి తప్పించుకున్నారు. ఆ తెలివికి మాత్రం దణ్ణం పెట్టాల్సిందే.

నా వరస చిన్నది. మారోవిండ్, అబ్లివియన్, స్కైరిమ్. 2002, 2006, 2011. అంతే.

దీనికి మీ ఆఫీసులో ఎవరైనా గేములు ఆడే కుర్రాడుంటే వెంటనే ఏమంటాడో నాకు తెలుసు. స్కైరిమ్‌తో మొదలెడితే ఈజీ కదా, ఆరు కోట్ల కాపీలు పైగా అమ్ముడుపోయింది కదా, నచ్చితే వెనక్కి వెళ్ళొచ్చు కదా అంటాడు. వెనక్కి వెళ్ళలేం, అక్కడే ఉంది తిరకాసు. మారోవిండ్‌లో మనం ఎటు వెళ్ళాలో చూపించే బాణం గుర్తు ఉండదు. ఎవరో మనిషి చెప్తాడు, ఊరి బయట తూర్పు దారి పట్టుకో, వంతెన దాటాక ఎడమకి తిరుగు, రెండు బండల మధ్యలో తలుపు కనిపిస్తుంది అని, ఆ మాటలు మన డైరీలో పడతాయి, అది చదువుకుంటూ నడవాలి, ఒక్కోసారి ఆ చెప్పినవాడే తప్పు చెప్తాడు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే సిల్ట్ స్ట్రైడర్ అని తాటిచెట్టంత కాళ్ళున్న పురుగు ఉంటుంది, డబ్బులిచ్చి దాని వీపు మీద ఎక్కాలి, అది వెళ్ళని ఊరికి పడవో, మంత్రంతో పంపించే మంత్రగాళ్ళ సంఘమో, లేదా కాళ్ళే. 2006లో అబ్లివియన్ వచ్చేసరికి దిక్సూచిలో బాణం వచ్చింది, మ్యాప్ మీద నొక్కితే టక్కున అక్కడ తేలే ఫాస్ట్ ట్రావెల్ వచ్చింది, స్కైరిమ్‌లో ఇవన్నీ ఇంకా నున్నగా అయిపోయాయి. ఒకసారి ఆ సుఖం అలవాటైనవాడిని తెచ్చి మారోవిండ్‌లో పడేస్తే, ఎదురుగా ఉన్న ఎలుకని పదిసార్లు కొడితే ఎనిమిదిసార్లు తగలకపోతే (అక్కడ దెబ్బ తగలడం కూడా లోపల పాచికల లెక్క), అరగంటలో డిలీట్ చేస్తాడు. నా ఫ్రెండ్స్‌లో స్కైరిమ్ తర్వాత మారోవిండ్ పూర్తి చేసినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. అదే ముందు మారోవిండ్ ఆడినవాడికి ఆ బాణం లేకపోవడం లోటు అనిపించదు, లేనిదాని గురించి బెంగ ఉండదు కదా, పైగా అందులోని బాల్మోరా అనే ఊరి వీధులు గూగుల్ మ్యాప్ లేకుండా గుర్తుంటాయి.

పాచికల గొడవకి చిన్న చిట్కా, ఇదైనా మీరు బాక్సులో వేసుంటే బాగుండేది. మొదట్లో మీ క్యారెక్టర్‌కి ఏ ఆయుధంలో నైపుణ్యం ఎక్కువ పెట్టారో ఆ ఆయుధమే వాడాలి, అలసట చూపించే పచ్చ గీత నిండుగా ఉన్నప్పుడే కొట్టాలి, పరిగెత్తి పరిగెత్తి ఒగరుస్తూ కొడితే తగలదు. ఈ రెండూ తెలియకే సగం మంది ఈ గేమ్‌ని తిట్టుకుంటారు. ఇంకోటి, డైరీ మొదట్లో తేదీల వరసలో కలగాపులగంగా ఉండేది, ట్రైబ్యునల్ అనే ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కి తర్వాత కలిపే అదనపు భాగం) వచ్చాకే ఏ పనికి ఆ పని విడదీసి చూపించడం మొదలైంది, కాబట్టి అన్నీ కలిపిన ఎడిషనే కొనుక్కోండి.

రెండో కారణం కథ, కానీ మీరు అనుకున్న కథ కాదు. యుగాలూ చక్రవర్తుల లిస్టూ గుర్తుంచుకోవడం కాదు, మనుషులు. జీయుబ్ అని ఒకడుంటాడు. మారోవిండ్ మొదలయ్యేదే ఖైదీల ఓడలో, మనల్ని నిద్ర లేపే ఒంటికన్ను మనిషి వాడు, ఆ తర్వాత గేమ్ మొత్తం మీద మళ్ళీ కనపడడు. ఆ గేమ్ జరిగే దీవిలో క్లిఫ్ రేసర్లని రెక్కల జంతువులుంటాయి, నాలుగడుగులు వేస్తే చాలు మీద పడిపోతాయి, ఆడినవాళ్ళు వాటిని తిట్టని తిట్టు లేదు. అబ్లివియన్‌లో జనం మాట్లాడుకుంటుంటే వింటాం, జీయుబ్ అనే మహానుభావుడు ఆ క్లిఫ్ రేసర్లన్నిటినీ దీవి నుంచి తరిమేశాడు, ఆయన్ని సెయింట్ చేశారు అని. మారోవిండ్ ఆడినవాడు అక్కడ కుర్చీలోంచి పడి నవ్వుతాడు, ఆడనివాడికి అదొక మాట, అంతే. స్కైరిమ్‌కి 2012లో వచ్చిన డాన్‌గార్డ్ అనే ఎక్స్‌పాన్షన్‌లో చచ్చిపోయినవాళ్ళ ఆత్మలుండే లోకానికి వెళ్తే అక్కడ మళ్ళీ జీయుబే, తన జీవిత చరిత్ర పేజీలు ఎగిరిపోయాయి వెతికి పెట్టు నాయనా అని మనల్ని అడుగుతాడు. మూడు గేములు, పదేళ్ళు, ఒక్క జోకు. మీ వరసలో ఈ మూడూ చివర్న పడ్డాయి కాబట్టి అక్కడిదాకా ఓపిక మిగిలినవాడికే ఇది దక్కుతుంది, స్కైరిమ్ ముందు అనేవాళ్ళకి అసలు దక్కదు.

నవ్వే కాదు, ఏడుపు కూడా ఉంది. మారోవిండ్‌కి 2003లో బ్లడ్‌మూన్ అని రెండో ఎక్స్‌పాన్షన్ వచ్చింది, సోల్‌స్థైమ్ అనే మంచు దీవిలో రేవెన్ రాక్ అని గని ఊరు కట్టడంలో మనమే చెయ్యేస్తాం, ఒక్కో ఇల్లూ లేస్తుంటే చూస్తాం. స్కైరిమ్ డ్రాగన్‌బార్న్ భాగంలో మళ్ళీ అదే దీవికి వెళ్తే రెండొందల ఏళ్ళు గడిచిపోయాయి, అగ్నిపర్వతం పేలి ఊరి మీదంతా బూడిద, గని మూతపడింది, జనం ఇంకా అక్కడే పట్టుకుని ఉన్నారు. మనం మొదటి గేమ్ అంతా తిరిగిన వార్డెన్‌ఫెల్ దీవైతే దాదాపు నాశనమైపోయింది, అక్కడివాళ్ళు స్కైరిమ్‌లో విండ్‌హెల్మ్ ఊళ్ళో ఒక మురికి వాడలో కాందిశీకులుగా బతుకుతుంటారు. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన ఊళ్ళవాళ్ళు తమ ఊరి రచ్చబండ గురించి ఎలా మాట్లాడతారో విన్నవాళ్ళకి ఆ వాడలో నడుస్తుంటే ఏమనిపిస్తుందో చెప్పక్కర్లేదు. మారోవిండ్ ఆడకుండా వెళ్తే అది ఊళ్ళో ఒక పేదల పేట, దాటుకుని పోతాం.

అబ్లివియన్ మాట తక్కువ చెప్పాను, దానికి కారణం అది మూడిట్లో నాకు మధ్యస్తంగా నచ్చినది, మన లెవెల్‌తో పాటు దారిదోపిడీ దొంగలు కూడా లెవెల్ పెరిగి గ్లాస్ అనే ఖరీదైన రకం కవచాలు వేసుకుని నాలుగు నాణేలకి అడ్డం వస్తారు, లాజిక్కే లేదు. కానీ డార్క్ బ్రదర్‌హుడ్ అనే హంతకుల ముఠా కథ మాత్రం మొత్తం సిరీస్‌లోనే టాప్, స్కైరిమ్‌లో అదే ముఠా మిగిలిపోయిన ముక్కల్ని చూస్తాం కాబట్టి ఇది ముందు ఆడి తీరాలి. షివరింగ్ ఐల్స్ అనే అబ్లివియన్ ఎక్స్‌పాన్షన్ కూడా వదలొద్దు, స్కైరిమ్‌లో ఒక పిచ్చి దేవుడు మనతో మాట్లాడేటప్పుడు ఆయన ఎవరో తెలిసి ఉండటం వేరు, తెలియకపోవడం వేరు, ఇంతకన్నా చెప్తే చంపేస్తారు.

ఇంక డబ్బు, మెషీన్ విషయం, మన దగ్గర వరస నిర్ణయించేది నిజానికి ఇదే. మారోవిండ్ 1 జీబీ స్థలం చాలు, గ్రాఫిక్స్ కార్డు లేని సెకండ్ హ్యాండ్ ఆఫీసు లాప్‌టాప్ మీద కూడా పరిగెడుతుంది, ఓపెన్‌ఎండబ్ల్యూ అనే ఫ్రీ ఇంజిన్ వేసుకుంటే లైనక్స్‌లో కూడా నడుస్తుంది. మీరేమో అబ్లివియన్ అనగానే 2025 ఏప్రిల్‌లో వచ్చిన రీమాస్టర్ (పాత గేమ్‌కే కొత్త హంగులు దిద్దిన వెర్షన్) ఫొటో పెద్దది వేసి అదే ఆడమన్నారు, దానికి 125 జీబీ స్థలం, కనీసం 16 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలని ఒక్క ముక్క రాయలేదు. ఇంజనీరింగ్ చదివే పిల్లాడు మీ పేజీ చూసి కొన్నాక హాస్టల్ వైఫైలో అది దిగేసరికి సెమిస్టర్ అయిపోతుంది, దిగాక లాప్‌టాప్ మొరాయిస్తుంది. పాత అబ్లివియన్ ఇప్పటికీ విడిగా అమ్ముతున్నారు, 5 జీబీ లోపే, సేల్‌లో చాలా చౌక. మెషీన్ ఉన్నవాళ్ళు రీమాస్టరే ఆడుకోండి, లెవెల్ పెరిగే పద్ధతిని కూడా అందులో బాగు చేశారు.

ఒక మినహాయింపు ఒప్పుకుంటా. మారోవిండ్ దాదాపు మొత్తం చదవాల్సిన గేమ్, మాటలు వినిపించేది తక్కువ, తెర మీద ఇంగ్లీషు పేరాలు పేరాలు. ఇంగ్లీషు చదవడం భారంగా ఉన్నవాళ్ళు అబ్లివియన్‌తో మొదలెట్టండి, అందులో అందరికీ గొంతులున్నాయి, సబ్‌టైటిల్స్ చూసుకుంటూ వినొచ్చు, తర్వాత స్కైరిమ్. ఇక జీవితంలో ఒకే ఒక్కటి ఆడతాను అనేవాడికి స్కైరిమ్ ఇచ్చేయండి, ఒకటే ఆడేవాడికి వరసతో పనేముంది.

దయచేసి వచ్చే ఆదివారం ఆ బాక్సుని సరిచేసి మళ్ళీ వేయండి, ప్రతి గేమ్ పక్కన వచ్చిన సంవత్సరం, ఎన్ని జీబీలు, ఎంత ర్యామ్ కావాలి అన్న మూడు అంకెలు తప్పకుండా ఇవ్వండి. చోటు చాలకపోతే ఆన్‌లైన్‌ని తీసేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
తణుకు