ప్రశ్న అడగడం నేర్పండి

సంపాదకుల వారికి నమస్కారములు.

ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు సమాజశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నేను ప్రస్తుతం విశాఖపట్నం సీతమ్మధారలో ఉంటున్నాను. జర్నలిజం, సోషల్ వర్క్ చదివే పిల్లలు ప్రాజెక్టు రిపోర్టు రాసే రోజుల్లో తెలిసినవారి ద్వారా సలహా కోసం నా దగ్గరకు వస్తుంటారు. ఒక కబురు ఎవరి నోట పుట్టి ఎవరి చెవికి చేరుతుంది, విన్నదాన్ని ఎవరు ఎందుకు నమ్ముతారు, నమ్మినవారు ఏం చేస్తారు అన్న సంగతులను తెలుసుకోవడానికి క్రమమైన పరిశోధన పద్ధతులు ఉన్నాయి. వాటిని మనం నోట్సుగా చెప్పి, పరీక్షలో రాయించి, చేతితో చేయించకుండా వదిలేస్తున్నామన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా దగ్గరకు వచ్చే రిపోర్టుల్లో చాలావాటి పుట్టుక ఒకే విధంగా ఉంటుంది. ఇరవై ప్రశ్నలతో ఒక గూగుల్ ఫారం తయారవుతుంది. అది తమ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోకి, అక్కడి నుంచి స్నేహితుల గ్రూపుల్లోకి వెళుతుంది. రెండు రోజుల్లో వందకు పైగా జవాబులు వస్తాయి. రంగురంగుల బొమ్మల కింద ‘విశాఖ ప్రజల్లో ఇంత శాతం’ అని రాస్తారు. ఆ జవాబులు ఇచ్చినవారంతా ఇరవై రెండేళ్ల లోపు వారు, ఒకే కళాశాల ప్రాంగణంలో తిరిగేవారు. కంచరపాలెంలో టిఫిన్ బండి నడిపే మనిషి గాని, పూర్ణా మార్కెట్‌లో కూరలు అమ్మే అమ్మ గాని అందులో ఉండరు.

ఎక్కువ మందిని అడిగితే చాలునన్న భ్రమ ఎంత పాతదో, అది ఎంత ఘోరంగా దెబ్బతిన్నదో పిల్లలకు మొదటి పాఠంలోనే చెప్పాలి. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి నమూనా ఓటు పత్రాలు పంపింది. ఇరవై లక్షలకు పైగా జవాబులు తిరిగి వచ్చాయి. వాటిని లెక్కించి, రూజ్‌వెల్ట్‌పై పోటీ చేసిన లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని ప్రకటించింది. ఫలితాల్లో రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. ఆ చిరునామాలలో చాలావరకు టెలిఫోను, కారు యజమానుల జాబితాల నుంచి తీసుకున్నవి. పైగా పత్రాలు అందుకున్నవారిలో అత్యధికులు జవాబే ఇవ్వలేదు. మన పిల్లల వాట్సాప్ ఫారంలో ఉన్నవి కూడా ఈ రెండు లోపాలే.

ఈ సందర్భంలో 384 అనే సంఖ్య గురించి ఒక మాట చెప్పాలి. ప్రతి రిపోర్టులోనూ ‘నమూనా పరిమాణం 384’, అంటే 384 మందిని అడిగామని, మంత్రంలా కనిపిస్తుంది. 95 శాతం విశ్వాసంతో (అంటే ఇలా నూరుసార్లు అడిగితే సుమారు తొంభై అయిదుసార్లు అంచనా ఆ హద్దులోనే ఉంటుందన్న నమ్మకంతో), అటూ ఇటూ 5 శాతం తేడాతో అంచనా వేయడానికి ఆ సంఖ్య సరిపోతుందన్నది నిజమే. అడిగేది విశాఖ నగరం గురించైనా, రాష్ట్రం మొత్తం గురించైనా దాదాపు అంతే సరిపోతుంది. అయితే అది జనాభాలోని ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉన్నప్పుడే చెల్లుతుంది. దొరికినవారిని దొరికినట్టు అడిగి 384 పూర్తి చేసినంత మాత్రాన ఆ లెక్క వర్తించదు.

కిందటి ఏడాది ఒక అమ్మాయి, పెద్ద జాలారిపేట మత్స్యకారులకు తుఫాను హెచ్చరికలు ఎలా అందుతున్నాయో తెలుసుకుంటానని ప్రశ్నావళి పట్టుకుని వచ్చింది. అందులో మొదటి వాక్యం ఇది: ‘ప్రసార మాధ్యమాల ద్వారా వెలువడే హెచ్చరికలు నాకు సకాలంలో, అర్థమయ్యే రీతిలో అందుతున్నాయి.’ దాని ఎదురుగా ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అసలు అంగీకరించను’ వరకు, మనస్తత్వ శాస్త్రవేత్త లైకర్ట్ 1932లో ప్రతిపాదించిన కొలతను అనుసరించి, ఐదు గడులు ఉన్నాయి. ఒకే వాక్యంలో రెండు విషయాలు ఇరికించడం వల్ల, సకాలంలో అందింది గాని అర్థం కాలేదనే మనిషి ఏ గడిలో గుర్తు పెట్టాలో తెలియదు. ‘ప్రసార మాధ్యమాలు’ అన్న మాట ఆ వీధిలో ఎవరూ వాడరు. అయినా నేను వెంటనే దిద్దకుండా, ముందు పది మందిని అడిగి రమ్మన్నాను. పది మందీ అంగీకరించారు. చదువుకున్న పిల్ల గుమ్మంలోకి వచ్చి అడిగితే కాదనడం మర్యాద కాదన్న సంకోచం కొంత, ఈమె ప్రభుత్వం తరఫున వచ్చిందేమో, కాదంటే వేట నిషేధ భృతి ఆగిపోతుందేమోనన్న అనుమానం కొంత ఆ జవాబుల వెనుక ఉన్నాయని ఆమెకు తరువాత తెలిసింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది కనుక, ఆ రోజుల్లో మగవారు ఒడ్డునే వలలు బాగుచేసుకుంటూ దొరుకుతారు. ఫారం ఇంట్లో పెట్టి అప్పుడు వెళ్లమన్నాను. ‘కిందటిసారి గాలివాన వచ్చినప్పుడు బోటు వెనక్కి తిప్పుదామని ముందు ఎవరన్నారు? ఆ రోజు సంగతి మొదటి నుంచి చెప్పండి బాబాయ్’ అని అడిగి, తరువాత నోరు మెదపకుండా వినమన్నాను. ఒక పెద్దాయన గంటసేపు చెప్పాడట. ఫోనుకు సందేశం వచ్చింది, చదివారు, అయినా తిప్పలేదు. బోటులో వయసు మళ్లిన మనిషి గాలి తీరు చూసి పెదవి విరిచాడు. పక్క బోటు వాళ్లు తిరిగారా అని ఫోనులో అడిగారు. వాళ్లు తిరిగారని తెలిశాక వీళ్లూ తిప్పారు. ఇంట్లోని ఆడవారికి హార్బరులో చేపలు కొనడానికి వెళ్లినప్పుడు ‘మూడో నంబరు ఎగరేశారట’ అని తెలిసింది. మూడో నంబరంటే ఏమిటని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పారు. ఓడరేవుల్లో ఎగురవేసే ఆ 11 సంకేతాల్లో చివరిది, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని తెలిపేదని వారిలో ఒక్కరికీ తెలియదు. అమ్మాయి మొదట తెచ్చిన ఫారంలో ఈ సంగతులకు ఒక్క గడి కూడా లేదు.

1940 అమెరికా ఎన్నికల సమయంలో సమాజశాస్త్రవేత్త లాజర్స్‌ఫెల్డ్, ఆయన సహచరులు ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో సుమారు 600 మందిని నెల నెలా మళ్లీ మళ్లీ కలిసి అడిగి, రేడియో, పత్రికల ప్రభావం చాలామందికి నేరుగా గాక, తమ చుట్టూ ఉన్న తెలిసిన మనుషుల ద్వారా చేరుతున్నదని గమనించారు. ఆ పాఠాన్ని ఈ అమ్మాయి నోట్సులో బట్టీపట్టింది. జాలారిపేట ఇసుకలో కూర్చున్నాక గాని అది తన కళ్లముందు జరుగుతున్నదని గుర్తించలేదు. ఆ తరువాతే ఆమె ప్రశ్నావళిని ఆ వీధి మాటల్లో తిరగరాసి, ఇళ్ల జాబితా వేసుకుని, చీటీ తీసి మొదటి ఇంటిని నిర్ణయించుకుని, అక్కడి నుంచి ప్రతి పదిహేనో ఇంటికి వెళ్లింది. తలుపు తీసినవారినే అడిగితే పగటిపూట ముసలివారే ఎక్కువగా దొరుకుతారని గ్రహించి, ఇంట్లో ఎవరిని అడగాలో కూడా ముందే చీటీ వేసుకుంది. మాట్లాడి తెలుసుకోవడం, లెక్కించి తెలుసుకోవడం రెండూ ఒకే పనిలో భాగాలని నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా, ఆమె నెల రోజుల్లో చేసి చూపినంత స్పష్టంగా చెప్పలేకపోయాను.

ఇలా రెండింటినీ కలిపి చేయడం మన దేశానికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారం చేసినప్పుడు, వాటి ప్రభావం తెలుసుకోవడానికి ఇస్రో పెద్ద సర్వేలు చేయించడమే గాక, మానవశాస్త్రవేత్తలను పల్లెల్లోనే నివాసం ఉంచింది.

విశాఖలో పరిశోధించవలసిన ప్రశ్నలకు కొదవ లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి కరెంటు, సెల్‌ఫోన్లు మూగబోయినప్పుడు వీధుల్లో కబుర్లు ఎలా నడిచాయి? 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో విషవాయువు కమ్మినప్పుడు ఎవరు ఎవరిని నిద్రలేపారు? అయితే అటువంటి కష్టం అనుభవించినవారి దగ్గరకు వెళ్లేముందు, జవాబు ఇష్టం లేకపోతే ఇవ్వనవసరం లేదని చెప్పి సమ్మతి తీసుకోవడం, కన్నీళ్లు వస్తే కాగితం మూసివేయడం, పేర్లు దాచడం పిల్లలకు నేర్పి తీరాలి. ఇందులో నిర్లక్ష్యం చేసిన రిపోర్టుకు నేనైతే మార్కులు వేయను.

1926లో వెలసిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఈ నగరంలోని విద్యాసంస్థలన్నింటికీ నా విన్నపం ఒకటే: చివరి సెమిస్టరులో హడావిడిగా రిపోర్టు అడిగే బదులు, మొదటి సెమిస్టరు నుంచే పిల్లలను వార్డుల్లోకి పంపి, వారి క్షేత్ర నోటు పుస్తకానికీ, కొద్దిమందిని ముందుగా అడిగి చూసినప్పుడు చెడిపోయిన ప్రశ్నలకూ కూడా మార్కులు కేటాయించండి. చెడిపోయిన ప్రశ్నను దాచకుండా చూపినవారే తరువాత మంచి ప్రశ్న అడగగలుగుతున్నారని నా అనుభవం.

సంపాదకుల వారికి ప్రత్యేకంగా ఒక అభ్యర్థన. ఏ సర్వే వార్తనైనా ప్రచురించేటప్పుడు ఎంత మందిని అడిగారు, వారిని ఎలా ఎంపిక చేశారు, ఏ తేదీల్లో అడిగారు, అడిగిన ప్రశ్న మాటకు మాట ఏమిటి అన్న నాలుగు సంగతులను వార్త చివర రెండు వాక్యాల్లో ఇవ్వండి. ఆ వివరాలు ఇవ్వలేని వారి శాతాలను శీర్షికలోకి ఎక్కించవద్దని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం.